తమ్ముడెందుకు వణికాడు?

"నా చేతి మీదుగా పొరపాటు జరిగిందంటే ఆ రోజు సూర్యుడు సెలవు పెట్టినట్టే. గ్యారంటీ!" అని ప్రకటించి, కాఫీ ఒక గుక్క తాగి, అదే ఊపులో సింకులో ఊసేశాడతను. కాఫీ నిండా ఉప్పు.

మాటకు ముందొకటి, వెనకొకటి గ్యారంటీ ఇస్తాడు కాబట్టి ల్యాబులో అతని పేరు గ్యారంటీ. ఇంట్లోనూ అదే, కాకపోతే భార్య ఆ పేరును పళ్ళు కొరుకుతూ పలుకుతుంది.

"పంచదార డబ్బాలో ఉప్పెవరు పోశారు?"

"కాఫీ కలుపుకుంది మీరేగా?"

"మూత మీద పంచదార అని రాసుంది. నేను రాసిందే! ఈ ఇంట్లో ఒక పద్ధతీ పాడూ లేదు!"

"మధ్యాహ్నం వచ్చాక తీరిగ్గా పోట్లాడుకుందాం. ముందు బయల్దేరండి."

ఆ రోజు పథకం చాలా చిన్నది. పదింటికి పళ్ళేలు చూసుకోవడం, పదకొండింటికి ప్రొఫెసరమ్మకు చూపించడం, ఒంటిగంటకు ఇంటికొచ్చి భోంచేయడం.

పళ్ళేలంటే అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పళ్ళేలు. వాటిలో జెల్లీ, జెల్లీ మీద బాక్టీరియా, ఆ బాక్టీరియాను మేస్తూ కంటికి ఆనీ ఆనని నులిపురుగులు. వాటిలో రెండు జాతులు, కోట్ల ఏళ్ళ కిందట వేరు కాపురం పెట్టిన అన్నదమ్ములు. చూడ్డానికి కవలల్లా ఉంటారు. తిండిలో ఫలానా ఆర్‌ఎన్‌ఏ కలిపి పెడితే, అది అన్న ఒంట్లో చిన్న చిన్న ముక్కలై ఒక జన్యువు నోరు మూయించేస్తుంది. అన్న గజగజ వణుకుతాడు. వాడి పిల్లలూ వణుకుతారు. తాత తిన్నది మనవడికి అరగదన్నమాట. తమ్ముడు మాత్రం అదే తిండి తిని నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. ఆ వంశంలో తమ్ముడి కడుపు ఈ ఆర్‌ఎన్‌ఏ లోపలికి రాకుండా తలుపు ఎప్పుడు మూసుకుంది, ఎందుకు మూసుకుంది అన్నదే గ్యారంటీ మూడేళ్ళ పరిశోధన.

పదింటికి పళ్ళేలు బయటికి తీశాడు. మూతలకు ఆవిరి పట్టి ఉంది. ప్రొఫెసరమ్మకు మసకమసగ్గా చూపిస్తే తన పరువేం కావాలని, ఎనిమిది మూతలూ తీసి, వరసగా పేర్చి, తళతళా తుడిచి, మళ్ళీ పెట్టేశాడు. మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. అన్న షికారుకెళ్తున్నట్టు పాకుతున్నాడు. తమ్ముడు చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతున్నాడు.

గ్యారంటీకి ఒళ్ళు మండిపోయింది. పురుగుల మీద కాదు, వాటికి వండిపెట్టే బాబాయి మీద.

బాబాయి ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. జెల్లీ కాచి, బాక్టీరియా పెంచి, పళ్ళేల్లో పోసిచ్చే వంటగది ఇరవై రెండేళ్ళుగా ఆయనది.

"నా పురుగులకి ఏం పెట్టావు బాబాయ్?"

"నువ్వు రాసిచ్చిందే పెట్టాను బాబూ."

"పచ్చి అబద్ధం! మూడేళ్ళ కష్టం బూడిదలో పోశావు!"

"నా చేతి తిండి తిని ఇన్నేళ్ళలో ఒక్క పురుగు పల్లెత్తు మాట అనలేదయ్యా!"

గ్యారంటీ నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, లిఫ్టు మెకానిక్కుకు తప్ప అందరికీ పంపాడు. బాబాయి వంటగదికి తాళం వేసి, గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "ఈ మచ్చ పోయేదాకా పొయ్యి వెలగదు" అన్నాడు. పన్నెండయ్యేసరికి అంతస్తులో పురుగులు పస్తు, పక్క ప్రయోగాల కోసం పెంచే ఈగలు పస్తు.

"ఒరేయ్ గ్యారంటీ, నా ఈగలు ఆకలికి నన్నే అదోలా చూస్తున్నాయిరా!" అని పక్క బల్ల అక్క కేకలేసింది.

చివరికి డైరెక్టరుగారే దిగొచ్చారు. ఫిర్యాదు చదివి, "ఇది నిజమైతే బాబాయిని గోదాముకు మార్చేయాల్సిందే" అన్నారు. బాబాయి ఏప్రాను విప్పి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచాడు.

అప్పుడు ప్రొఫెసరమ్మ నెమ్మదిగా అడిగింది. "తిండి తప్పయితే అన్న వణకడు, సరే. మరి తమ్ముడెందుకు వణికాడు?"

మతి ఉన్న మనిషి అక్కడితో ఆగుతాడు. గ్యారంటీ ఆగలేదు. "అయితే బాబాయి పురుగుల్నే మార్చేశాడు మేడమ్! గ్యారంటీ!"

"పేపర్లో పెద్దక్షరాలే ఆనవు నాకు," అన్నాడు బాబాయి. "ఆ నలుసుల్ని ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఇల్లు మార్పించానా?"

ఇంతలో గ్యారంటీ ఫోను మోగింది. చేతులకు తొడుగులుండటంతో మోచేత్తో నొక్కాడు. అది స్పీకరు మీద పడింది.

"ఏమండీ, దొంగ దొరికాడు! ఉప్పు డబ్బాలో పంచదార, టీపొడి డబ్బాలో మిరియాలు! నిన్న ఆదివారం మూతలన్నీ తీసి, వరసగా పేర్చి తుడిచింది తమరేగా? మూత మీద కాదు, డబ్బా మీద రాయండని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

గదిలోని కళ్ళన్నీ పళ్ళేల మూతల మీదికి వెళ్ళాయి. అక్కణ్ణుంచి గోడ మీది కాగితానికి ఎక్కాయి. 'పేరు పళ్ళెం అడుగున రాయవలెను, మూత మీద రాయరాదు.' ఆ ముత్యాల్లాంటి అక్షరాలు గ్యారంటీవే. ఆ నియమం ఇతరుల కోసం. అంత అందమైన దస్తూరీని తన పళ్ళేలకు అడుగున దాచడానికి అతనికి మనసొప్పలేదు.

"పొద్దున మూతలు తీశావా?" అంది ప్రొఫెసరమ్మ.

"ఆవిరి పట్టింది మేడమ్..."

"తీశావా?"

"తీశాను. తుడిచాను. మళ్ళీ పెట్టేటప్పుడు వరస ఇట్నించి మొదలెట్టానో అట్నించో... గుర్తులేదు." గ్యారంటీ బాబాయి వైపు తిరిగాడు. "తప్పు నాదే. క్షమించు బాబాయ్."

"ఏంటీ?" అంది ఫోను. "తప్పు నాదే అన్నారా? ఇంకోసారి అనండి, రికార్డు చేసుకుంటాను."

బాబాయి ఏప్రాను మడతలు విప్పి కట్టుకున్నాడు. తాళంచెవి తీసుకుంటూ, "కొత్త పళ్ళేలు పోసిస్తాను బాబూ" అన్నాడు. "నీకు మాత్రం మూతలివ్వను."

తాత తిన్న తిండి జ్ఞాపకం నులిపురుగుల వంశంలో కొన్ని తరాలకు చెరిగిపోతుంది. బాబాయి మాత్రం, తన తర్వాత ఆ వంటగదికి ఎవరొచ్చినా ముందు ఈ కథ చెప్పి, ఆ తర్వాతే తాళంచెవి ఇస్తానంటున్నాడు.