గేటు ముందు గీత

"ఆ ఇంజనీరమ్మాయిని ఇప్పుడే ఉద్యోగంలోంచి పంపించెయ్యండి!"

అధ్యక్షుడి అరుపుకి, కందకం పక్కన నిలబడ్డ కార్యదర్శి ఒక అడుగు వెనక్కి వేశాడు. గేటుకీ భవనానికీ మధ్య, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నలభై అడుగుల పొడవున నోరు తెరుచుకుని ఉంది ఆ కందకం. దానికి అవతల ముప్పైమంది బిల్డర్ల కార్లు ఇరుక్కుపోయాయి. ఇవతలికి కాసేపట్లో కమిషనర్ గారి కారు రాబోతోంది.

భవన నిర్మాణదారుల సంఘానికి అది పెద్ద రోజు. నీళ్ల పైపు కోసం ఒకడు రోడ్డు తవ్వి పూడిస్తే, వారం తిరక్కుండా కేబుల్ కోసం ఇంకొకడు తవ్వే నగరం అది. ఇకమీదట అందరూ కలిసి ఒక్కసారే తవ్వుకోవాలన్న ఒప్పందం మీద కమిషనర్ సంతకం పెట్టబోతున్నారు. అది జరిగే పనేనని చూపించడానికి భవనం వెనక ఖాళీ జాగాలో నమూనా కందకం తవ్వాలనుకున్నారు. తొమ్మిదింటికి ఇంజనీరమ్మాయి వచ్చి సున్నంతో గీత గీస్తుంది, దాని మీద పొక్లెయిన్ తవ్వుతుంది, పైపులాయనా కేబులాయనా ఎవరి పని వారు చేస్తారు. అదీ ఏర్పాటు.

కార్యదర్శి మాత్రం ఆరున్నరకే వచ్చాడు. గేటు దగ్గర కమిషనర్ కారుకి జాగా వదలాలి, మిగతా కార్లన్నీ లోపలికి పోవాలి. అందుకని మూలనున్న సున్నం సంచీ విప్పి, గోడ నుంచి గోడకి తిన్నగా ఒక గీత గీశాడు. తన పనితనం తనే మెచ్చుకుని, స్నానానికి ఇంటికి వెళ్లాడు. ఏడున్నరకల్లా టిఫిన్‌కి వచ్చిన బిల్డర్లు కార్లు గీతకి అవతల పెట్టుకున్నారు. ఎనిమిదింటికే వచ్చిన పొక్లెయిన్‌కి ఆ గీత కనబడింది.

"ఎవడు తవ్వమన్నాడయ్యా?" అధ్యక్షుడు ఆపరేటర్ మీద పడ్డాడు.

"గీత ఉంది సార్, తవ్వాను. గీత లేకపోతే అడుగుతాం గానీ, ఉంటే అడిగేదేముంది?"

"నువ్వు పైపెందుకు దించావ్?"

"గొయ్యి రెడీగా ఉందిగా అన్నా! చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాను?"

"మరి నీ కేబుల్?"

"ఆయన వేశాక నేను వెయ్యకపోతే సహకారం ఏముందండీ?"

ఇరవై ఏళ్లుగా ఒకరి ఫోన్ ఒకరు ఎత్తని పైపులాయనా కేబులాయనా, గంటలో కలిసి పని ముగించి చేతులు దులిపేసుకున్నారు.

"గీత గీసేది ఇంజనీరు. ఇంకెవరు గీస్తారు?" అధ్యక్షుడు కార్యదర్శి వైపు తిరిగాడు. "మీ ఆవిడా?"

"మా ఆవిడకి... అంత తిన్నగా రాదండీ," అన్నాడు కార్యదర్శి. అన్నాక, భూమి రెండుగా చీలితే బాగుండుననుకున్నాడు. చీలే ఉంది. దూకే ధైర్యం లేదు.

ఇంజనీరమ్మాయి కార్యదర్శి స్నేహితుడి కూతురు. సంఘంలో ఉద్యోగానికి చేరి నెలన్నర. "నేను వచ్చిందే తొమ్మిదింటికి సార్," అంది. తర్వాత అతని వైపు చూసింది. "బాబాయ్ గారూ, మీరైనా చెప్పండి. ఇక్కడ పొద్దున్నే ఎవరున్నారు?"

"నేను... ఎనిమిదింటికి స్నానంలో ఉన్నానమ్మా."

అది అక్షరాలా నిజం. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గుమాలిన నిజం అతను ఎప్పుడూ చెప్పలేదు.

ఇంతలో కమిషనర్ వచ్చేశారు. గేటు దగ్గర కారు దిగి, కందకం మీద వేసిన చెక్క పైకెక్కి, నడుమ ఆగి కిందికి తొంగి చూశారు.

"ఒకే గోతిలో పైపూ కేబులూనా!" ఆయన మొహం వెలిగిపోయింది. "దీన్ని కాగితం మీద తప్ప ఎక్కడా చూడలేదయ్యా. ఎవరిదీ గీత?"

"నాదే సార్!" అధ్యక్షుడు ఛాతీ విరిచాడు. "స్వయంగా."

ఇప్పుడు తనదంటే మెప్పు కోసం ఎగబడ్డట్టుంటుందనుకున్నాడు కార్యదర్శి. ఇందాక అనాల్సింది, అనలేదు.

సరిగ్గా అప్పుడు కందకంలో బుడబుడమంది. పొక్లెయిన్ పన్ను తగిలి బీటవారిన పాత మంచినీళ్ల గొట్టం ఒక్కసారిగా పగిలింది. నీళ్లు చెక్కనీ దాని మీది కమిషనర్‌నీ తడిపేసి, ఆయన చేతిలోని ఒప్పందం ఫైలుని గేటు దాకా తీసుకుపోయాయి.

"ఎవరిదీ గీత?" ఈసారి కమిషనర్ గొంతు వేరుగా ఉంది.

"అంటే... పర్యవేక్షణ నాది సార్. గీసింది ఈ అమ్మాయి!"

ముప్పై వేళ్లు ఒక్కసారే ఆమె వైపు తిరిగాయి. ఆమె ఏడవలేదు. మెడలోని గుర్తింపు కార్డు తీసి కార్యదర్శి చేతిలో పెట్టింది. "ఉంచండి బాబాయ్ గారూ. నాన్నకి నేనే చెప్పుకుంటాను."

ఆ కార్డులో ఆమె ఫొటో నవ్వుతోంది. కార్యదర్శి దాన్ని రెండు క్షణాలు కూడా పట్టుకోలేకపోయాడు. తిరిగి ఆమె చేతిలోనే పెట్టేసి, మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు.

"గీత నాది సార్. కార్ల కోసం గీశాను. పొద్దుట్నుంచీ ఈ పిల్లని అందరూ తిడుతుంటే నోరు మూసుకుని విన్నాను. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు."



"అవును సార్, ఆయనే!" అన్నారు ముప్పైమందీ ఒకే గొంతుతో, అందరికంటే గట్టిగా అధ్యక్షుడు.

కలిసి పనిచేయడం కోసమే పెట్టుకున్న ఆ సంఘంలో, సభ్యులంతా ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి.