కొట్టుగదికి అక్కర్లేని అలారం

మా ఆవిడ దేసంక పొగ అలారాలు నాలుగు కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద పెట్టినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఆ గుండెకి స్టెంట్ వేసిన డాక్టర్ సిగరెట్ మానమన్నాడు. మానేశానని దేసంక చేతిలో చెయ్యేసి చెప్పాను. చెప్పి, రోజుకొక్కటి మాత్రం కొట్టుగదిలో దాక్కుని కాలుస్తున్నాను. మిత్రులారా, ఆ ఒక్కటీ పోతే నాకింక బతుకులో ఏం మిగులుతుంది?

"ఎక్కడెక్కడ బిగించాలో నువ్వే చూడు, వుకొసావ్. ఇలాంటివి నాకేం తెలుస్తాయి?" అంది.

మా కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానించాల్సింది. కానీ పొగిడితే ఉబ్బిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నిచ్చెనెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. "పొగ పైకి పోతుంది. అందుకని పడగ్గది కప్పుకి నట్టనడుమ ఒకటి. నడవాలో ఒకటి. ముందుగదిలో ఒకటి. వంటింట్లో వద్దు, గుడ్డు వేయించినా కూస్తుంది."

"మరి కొట్టుగదిలో?"

"అక్కడేముంటాయే, సీసాలూ ఉల్లిపాయలూ. ఉల్లిపాయలేమన్నా సిగరెట్ కాలుస్తాయా?"

"నేను సిగరెట్ మాటెత్తలేదే," అంది దేసంక. "సరేలే, నీకు తెలిసినంత నాకు తెలుసా." నాలుగోది సొరుగులో పడేసింది.

సెప్టెంబరు వచ్చింది. మా ఊరు లెస్కోవాట్స్‌లో ప్రతి పెరట్లోనూ ఎర్ర బుంగమిరపకాయలు కాల్చి ఐవర్ పచ్చడి పట్టే రోజులు. మా పెరట్లో అత్తగారూ, పక్కింటి స్తానియా చేరారు. ఈ స్తానియాని వీధంతా రేడియో అంటారు. పొయ్యి రాజేశారో లేదో, పొగ కిటికీలోంచి లోపలికొచ్చి ముందుగది అలారం కూసింది. నడవాలోది వంత పాడింది. పడగ్గదిలోదీ అందుకుంది. అత్తగారు బకెట్టుతో పరుగెత్తుకొచ్చి నీళ్లన్నీ సోఫా మీద కుమ్మరించింది. ఈ గోలలో నన్నెవరు చూస్తారని నేను కొట్టుగదిలో దూరి సిగరెట్ వెలిగించాను.

రెండు దమ్ములు లాగేలోపే దేసంక కిటికీలు మూసేసి, మూడు అలారాల నోళ్లూ నొక్కేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది. సరిగ్గా అప్పుడు నా నెత్తి మీద నాలుగోది కూసింది.

కంగారులో సిగరెట్‌ని నిరుటి ఐవర్ సీసాలో ముంచాను. తలుపు తెరుచుకుంది. ఎర్రటి చేతులతో ముగ్గురాడవాళ్లు.

"ఐవర్‌లోనా?" అంది రేడియో. సిగరెట్ సంగతి ఆవిడకి పట్టనేలేదు.

"ఇదిక్కడికెలా వచ్చింది?" అన్నాను.

"పొద్దున్నే బిగించాను. మా అమ్మ నిచ్చెన పట్టుకుంది," అంది దేసంక. "నువ్వెక్కడ కాలుస్తున్నావో ఏడాదిగా వెతుకుతున్నానయ్యా. ఎక్కడ వద్దంటావో చూద్దామనే నిన్ను నిచ్చెనెక్కించాను." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మళ్లీ ఆ ఆస్పత్రి వరండాలో కూర్చోవడం నా వల్ల కాదు."

నాకు సిగ్గేసింది. నిజంగానే.

"నీకు పొగే కదా కావాలి, రా," అని చెయ్యి పట్టుకు లాక్కెళ్లి మిరపకాయల పొయ్యి ముందు కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా కాయలు తిప్పుతూ, కళ్లు తుడుచుకుంటూ అక్కడే ఉన్నాను. రేడియో అప్పటికే గోడవతల పెరట్లో వార్తలు చదువుతోంది.