పరుపు పాట పాడండి!

మీరు రాసిన పాటను పరుపుల కంపెనీ కొనుక్కుందంటే మీ జన్మ ధన్యమైనట్టే! నవ్వకండి. అమెరికాలోని మా డులూత్ ఊరి రాక్ బ్యాండ్ 'సాల్ట్ షెడ్' సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

కార్విన్ పాడతాడు, మారిట్ డ్రమ్స్ వాయిస్తుంది. బడి రోజుల నుంచీ జంట. పెద్ద కంపెనీల పంచన చేరకుండా, సొంతంగా పాటలు కట్టుకుని, తుప్పుపట్టిన వ్యాన్‌లో ఊరూరా తిరిగారు. ఆ వ్యాన్‌లో హీటర్ పనిచేయదు. మిన్నెసోటా చలికాలంలో! కళాకారులకు అంతకన్నా భోగం ఏం కావాలి? పత్రికలవాళ్లు ఏటా వీళ్లను 'రేపటి తారలు' అని పొగిడారు. జుట్టు నెరిసేదాకా రేపటి తారలుగానే ఉండే యోగం ఎంతమందికి పడుతుంది?

సరుకు ఓడల్లో పనిచేసిన కార్విన్ తండ్రి ఆస్పత్రిలో పోయాడు. చివరి రోజుల్లో ఆ మంచం పక్కన కూర్చుని కార్విన్ ఓ పాట రాసుకున్నాడు. 'ఇక పడుకో, నేనున్నాగా' అని పల్లవి. అది విని పరుపులవాళ్లు మురిసిపోయి, తమ టీవీ ప్రకటనకు కొంటామన్నారు.

"ఇచ్చేద్దాంరా. వ్యాన్ పోయింది, నా నడుమూ పోయింది," అంది మారిట్.

"అది మా నాన్న పాటే!"

"మీ నాన్నే ఉంటే, ముందు హీటర్ బాగుచేయించుకోండ్రా వెధవల్లారా అనేవాడు."

కార్విన్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే సంతకం పెట్టాడు.

ఇక చూస్కోండి వైభవం! పెట్రోలు బంకులో అదే పాట, పళ్ల డాక్టరు దగ్గర అదే పాట. ఊళ్లో కచేరీ పెడితే హాలు కిటకిటలాడింది. కొందరైతే నైట్ డ్రెస్సుల్లో, చంకలో దిండ్లతో వచ్చారు! ఏ మహావిద్వాంసుడికి జరిగింది ఇంతటి గౌరవం?

"పరుపు పాట! పరుపు పాట!"

కార్విన్ ఎత్తుకోగానే హాలంతా గొంతు కలిపింది. టీవీలో ప్రకటన ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ ఆగింది. ఆపైన కబుర్లు, సెల్ఫీలు, బీరు కోసం తోపులాట.

చరణంలో తండ్రి దుప్పటి మీద తన ఓడ టోపీ కోసం తడుముకుంటాడు. అక్కడికొచ్చేసరికి కార్విన్ పాట ఆపేశాడు. వాయించడం ఆపి మారిట్ లేచొచ్చింది.

"పాడరా. నేను వింటున్నాగా."

జనానికి వీపు పెట్టి, ఆమె ముఖంలోకి చూస్తూ చివరిదాకా పాడాడు.

కనుక పరుపుల కంపెనీవారికి ఈ రచయిత మనవి ఒక్కటే: మీ ప్రకటన నిడివి కాస్త పెంచండి. మా జనం ఒక్క పాటైనా పూర్తిగా వింటారు!