మూడుసార్లు పిలిచాం

"దివ్యాంగ ఉద్యోగుల గోడు వినని చెవి ఈ కార్యాలయంలో ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు!"

మా పెద్దసారు మైకులో ఈ ముక్క అనగానే హాలు చప్పట్లతో మారుమోగింది. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే. హెడ్ గుమాస్తాను కదా!

అది సౌకర్యాల పంపిణీ సభ. మొదటి వరసలో మా రికార్డు గుమాస్తా ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. అతనికి పుట్టుకతో వినపడదు. సారు బెల్లు కొడితే రాలేదని అప్పటికే రెండు మెమోలు అందుకున్నాడు. మూడోది వస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకే బల్లమీద ఒక లైటు అడిగాడు. బెల్లు నొక్కితే అది వెలగాలి, అంతే! ఆ లైటు మంజూరై వేదికమీద ఎర్రగా కూర్చుంది.

"పిలవండి!" అన్నారు సారు.

పేరు పిలిచాను. పెదాలు చూసి పోల్చుకుందామన్నా, మైకు నా నోటికి అడ్డం. అతను చిరునవ్వుతో చూస్తున్నాడు. చెయ్యి ఊపబోయాను.

"ఆగండాగండి! నిబంధనలో పేరు పిలవాలనే ఉంది. ఇతనొక్కడికే చెయ్యి ఊపితే మిగతావాళ్లకి అన్యాయం కాదూ?" అన్నారు సారు.

రెండోసారి పిలిచాను. మూడోసారి గొంతు చించుకున్నాను. కిటికీలో పావురాలు లేచిపోయాయి. అతను మాత్రం చిరునవ్వుతో అలాగే ఉన్నాడు.

"మూడు పిలుపులకీ పలకనివాడు సభలో లేనట్టే. కొట్టెయ్యండి!"

"ఎదురుగానే ఉన్నాడు కదండీ..."

"కనబడితే సరిపోతుందా? పలకొద్దూ?"

జాబితాలో తర్వాతి పేరు సారు బావమరిదిది. పక్కగదిలో కాఫీ కప్పు చప్పుడైనా ఇట్టే పసిగట్టే చెవులు ఆయనవి. సగం పేరు పిలిచానో లేదో, చెవుడు సర్టిఫికెట్టు ఊపుకుంటూ "వస్తున్నా!" అని దూసుకొచ్చాడు.

"చూశారా, క్రమశిక్షణంటే అదీ!" అంటూ సారు లైటు ఆయన చేతిలో పెట్టారు. "ఎవరికైనా అభ్యంతరమా?"

ఇదీ మూడుసార్లు అడిగారు. హాల్లో నూటఇరవైమందిమి. అందరికీ శుభ్రంగా వినిపించింది. ఒక్కరూ పలకలేదు. నేనూ పలకలేదు. నిబంధన ప్రకారం ఆ పూట ఆ సభలో మేమెవరమూ లేము!

లేచింది రికార్డు గుమాస్తా ఒక్కడే. లైటు ఎటు పోయిందో చూశాడు కదా, గబగబా చీటీ రాసి సారు ముందు పెట్టాడు. 'అది నా లైటు. నాకు అభ్యంతరం ఉంది.'

సారు చీటీని మడిచి జేబులో వేసుకున్నారు.

"మినిట్సులో ఏం రాయమంటారండీ?" అన్నాను.

"అభ్యంతరం ఏమైనా వినబడిందా మీకు?"

"లేదండీ."

"అదే రాయండి."

రాశాను.