కరగని పటిక

ఆ ఆదివారం నజీర్ అహ్మద్ పొద్దున్నే గడ్డం గీసుకుని కొత్త చొక్కా తొడుక్కున్నాడు. ఊళ్లో పాతపేటలో గడియారాలు బాగుచేసి బతికే అతని ఇంటికి కాలేజీ మ్యూజియం చూసుకునే రమణమూర్తి మాస్టారు వస్తున్నాడు. అరకు దారిలో రైలు సొరంగం తవ్వినప్పుడు బయటపడ్డ ఆరుపలకల స్ఫటికం నజీర్ దగ్గర ఉంది. మాస్టారికి నచ్చితే అది గాజుబీరువాలోకి వెళుతుంది. కింద చీటీ మీద నజీర్ పేరు ఉంటుంది. రాయి కంటే ఆ చీటీ మీదే తనకు ఆశ ఎక్కువని అతనికి తెలుసు. అందుకే ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

"స్ఫటికం కడిగి పెట్టు," అని మాత్రం చెప్పి మాస్టారి కోసం వెళ్లాడు.

అతని భార్య గుల్జార్ బేగం ఎరిగినది ఫిట్కరీ. దాన్ని తెలుగులో పటిక అంటారని చేపలమ్మే తవిటమ్మ నేర్పింది. స్ఫటికమంటే అదే మాటను చదువుకున్నవాళ్లు పలికే తీరనుకుంది. ఇంతలో తవిటమ్మే వచ్చింది.

"బీబమ్మా, కుళాయిలో బురదనీళ్లొత్తన్నాయి. రవ్వంత పటికుంటే ఇయ్యి."

రవ్వంతేమిటని బేగం పెట్టెలో ఉన్న ముక్క మొత్తం ఇచ్చేసింది, కడిగి మరీ.

మధ్యాహ్నం మాస్టారితో వచ్చిన నజీర్‌కు ఖాళీ పెట్టె కనిపించింది. సంగతి విని ఇద్దరూ రిక్షాలో తవిటమ్మ ఉండే జాలరిపేటకు పరుగెత్తారు.

"నీ పటిక మంచిది కాదు సాయిబూ," అంది తవిటమ్మ. "బిందెలో ఏసి ఎంత తిప్పినా కరగనేదు. దిట్టికైనా పనికొత్తాదని మా కొడుకు ఎల్లారావు పడవకి కట్టీసినాడు. ఏటకెల్లిపోనాడు."

పటిక కోసం పెద్దసారు వచ్చాడని పేటంతా పాకింది. గుమ్మాలకు వేలాడే పటికలన్నీ విప్పి మాస్టారి ముందు పోశారు. వద్దనడానికి మొహమాటపడి ఆయన ఒక్కొక్కదాన్ని పరీక్షిస్తున్నట్టు నాలుకకు తాకించి, వగరుకు మొహం వంకరగా పెట్టాడు.

"సారుకి దిట్టి తగిలీసినట్టుందే," అని ఒకామె ఉప్పు, మిరపకాయలు తెచ్చి ఆయనకు దిష్టి తీసింది.

సాయంత్రం ఎల్లారావు పడవ వంజరం చేపలతో నిండుగా వచ్చింది. ముందుకొమ్మున రాయి ధగధగలాడుతోంది.

"ఇయ్యను," అన్నాడు ఎల్లారావు. "ఇన్ని సేపలు దీని సలవే."

"మ్యూజియంలో పెడతాం. ఇచ్చినవాళ్ల పేరు రాస్తాం," అన్నాడు మాస్టారు.

"మరి ఇచ్చీవోడ్ని నానే గదా."

"నాకిచ్చింది మాయమ్మ అని కూడా రాయించరా," అంది తవిటమ్మ.

నజీర్ నోరు తెరిచాడు. తన పేరు అడగడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు చూసుకుంటే ఎందుకో నవ్వొచ్చింది, ఆపుకోలేనంతగా. మాస్టారు మాత్రం నవ్వలేదు. రాయి ఎన్ని చేతులు మారితే అన్ని పేర్లూ రాయడం పద్ధతి అన్నాడు.

అలా సొరంగం, నజీర్, గుల్జార్ బేగం, తవిటమ్మ, ఎల్లారావు, పడవ నంబరు చీటీకెక్కాయి. ఆదివారాలు జాలరిపేట జనం బస్సెక్కి వెళ్లి ఆ చీటీ చదివించుకుని వస్తున్నారు. అక్కడ రాయి ఏదని ఇంతవరకు ఎవరూ అడగలేదు.