జలపాతం కాడ రహస్య విచారణ

"కొడుకా, రేపు నిన్నెవడన్న ఎత్తుకపోతే నేనెవల్ని అడగాలె?"

మా విక్రమ్ డిటెక్టివ్ ఆఫీసు పెడతానని నోరు తెరిచి చెప్పకముందే నేనన్న మాట ఇది. నల్లద్దాలు పెట్టుకొని అన్నానికి కూర్చున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. వాడు నర్మెట్టలో జనగామ బస్సెక్కితే నేనింట్లో దవాఖానకు కట్టుకపోవాల్సిన చీర తీసిపెట్టుకునే మనిషిని. నా భయం మీద ఊళ్లో అందరికీ గౌరవముంది. నవ్వుతూనే గౌరవిస్తారు.

వాడు ఫోనులోనే చదివి డిటెక్టివ్ అయ్యాడు. జనగామలో ఈ విద్యకు గిరాకీ లేదు. పెళ్లి సంబంధాల ఆరాలు మేం ఆడవాళ్లం ఛాయ్ తాగుతూ తీసేస్తాం. అందుకని కొత్తగూడ అడవి వైపు ఒక జలపాతం కాడ ఆఫీసు తెరవాలని నిర్ణయించాడు. వానాకాలం ఆదివారాల్లో అక్కడ మనిషి మీద మనిషి. మీలో చాలామంది వచ్చే ఉంటారు. ఆ నీళ్లకు ఆనుకొనే టేకు దుంగల దందా కూడా నడుస్తుంది. సందర్శకులూ దొంగలూ ఒకే తోవన వచ్చిపోయే చోటు డిటెక్టివ్‌కు ఇంకెక్కడ దొరుకుతుంది? నేనూ వెంట వెళ్లాను. వాణ్ణి కాపాడడానికి కాదు, ఏదన్నా అయితే మొదట నాకే తెలియాలని.

ఆఫీసు ప్రారంభోత్సవం అత్యంత గోప్యంగా, డప్పుల నడుమ జరిగింది. "రహస్య విచారణలు చేయబడును" అని మూలమలుపు కాడ ఫ్లెక్సీ కట్టారు. రహస్యంగా తిరగాల్సిన మా వాడి ముఖం అందులో ఎడ్లబండంత ఉంది. రిబ్బను కత్తిరించినవారు జలపాత అభివృద్ధి కమిటీ అధ్యక్షులు రాంచందర్ గారు. అడవిలోంచి టేకు లారీలు ఆయన చెయ్యి ఊపితేనే కదులుతాయి. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు కనుక డిటెక్టివ్ పని కిందికి రాదు.

"మన ఏరియల నేరమే లేదు," అని ఆయన ఉపన్యసించారు. "అయినా డిటెక్టివ్ వచ్చిండంటే మనమెంత ముందుకు పోయినమో ఆలోచన జేయుండ్రి. పట్నపోళ్లకున్న సౌకర్యం మనకెందుకుండొద్దు?" ఆఫీసుకు టేకు తలుపులు కూడా ఆయనే బహూకరించారు. గట్టి తలుపులు. ఇక దొంగల భయం లేదు.

ఆఫీసు గది మాకు అద్దెకిచ్చిన వెంకటనర్సమ్మ అవ్వ జలపాతం మెట్ల కాడ బజ్జీలు వేస్తుంది. ఆమెకు చెవుడని అందరూ అంటారు. బజ్జీలడిగితే మాత్రం వినపడుతుంది.

మొదటి కేసు లంబాడి తండా నుంచి వచ్చింది. గంగి అనే ఆమె. భర్త దేవ్యా జలపాతం కాడ మక్క కంకులు కాల్చి అమ్మేవాడు. టేకు లారీలు ఏ తోవన పోతున్నాయో అడవి ఆఫీసర్లకు చెప్పాడు. ఆ తర్వాతి ఆదివారం బొగ్గులు రాజేసి కూర్చున్నవాడు మళ్లీ ఇల్లు చేరలేదు. నిప్పుల మీద కంకులు మాడిపోయి కనిపించాయట. ఠాణాలో అడిగితే కూలికి వలస పోయి ఉంటాడన్నారు.

"కంకులు నిప్పుల మీద వెట్టి ఎవలన్న వలస పోతరా సారూ?" అంది గంగి. "ఆయన పోలే. తీస్కపోయిన్రు. పట్టపగలు, గంత మందిల. సూసినోళ్లు ఒక్కలు జెప్పినా సాలు. బతికుండంగనే దొరుకుతడు."

నేను వాణ్ణి లోపలికి పిలిచాను. "కొడుకా, తప్పిపోయిన బర్లను ఎతుకు. మనుషుల జోలికి పోకు." వాడు వినలేదు. చదువు వల్ల ఇదే నష్టం.

విచారణ మొదలైంది. నూనె మూకుడు వైపే చూస్తున్నానన్నాడు హోటలాయన. టికెట్లు చింపేవాడు టికెట్లనే చూశాడట. సందర్శకులను తెచ్చే జీపుల వాళ్లు తలెత్తి మబ్బులు చూశారు. అవ్వేమో ఏమడిగినా "ఏంది బిడ్డా?" అంది. ఆ ఆదివారం ఊరు మొత్తానికి ఒక్కసారే చూపు పోయిందని తేలింది. వెంటనే కంటి శిబిరం పెట్టించాలని కమిటీ తీర్మానించింది. ఇంత చురుకైన కమిటీ ఇంకే జిల్లాలోనూ ఉండదు.

మా వాడు పట్టు వదలక ఆటోకు మైకు కట్టించాడు. "దేవ్యాను చూసినవారు ఆఫీసుకొచ్చి రహస్యంగా తెలుపగలరు. పేర్లు గోప్యంగా ఉంచబడును." ఆటో, మైకు రాంచందర్ గారివే. రహస్యం చెప్పడానికి వచ్చేవారు తోసుకోకుండా, వరుసలో నిలబెట్టడానికి తన మనిషిని కూడా ఆఫీసు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ మనిషి చేతిలో గొడ్డలి ఉన్నమాట నిజమే. అడవి ప్రాంతం, అవసరముంటుంది. ఒక్కరూ రాలేదు. నేను ఆ పూట కడుపునిండా తిన్నాను.

నేరం జరిగిందని ఎవరూ చెప్పలేదు కనుక నేరం జరగలేదని విచారణలో రుజువైంది. ఈ ఘనత సాధించినందుకు మా విక్రమ్‌కు సన్మానం ఏర్పాటు చేశారు. ఆదివారమే పెట్టారు, సందర్శకులూ ఉంటారని. మెట్ల కిందనే స్టేజీ. రాంచందర్ గారు స్వహస్తాలతో శాలువా కప్పి, "శాంతిభద్రతలకు మనమే అడ్రస్!" అన్నారు. కార్లలో వచ్చినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఆ శాలువా కింద మా వాడు తల ఎత్తలేదు. చూసినవాళ్లు వినయమనుకున్నారు.

అప్పుడు గంగి స్టేజీ ఎక్కింది. ఎవరూ ఆపకముందే మా వాడు తన చేతిలోని మైకు ఆమెకిచ్చేశాడు. నేను స్టేజీ కాడికి ఉరికాను.

"మా తండా మాటల అడిగితే సమజ్ గాలేదంటరు," అంది గంగి. "అందుకే మీ మాటల్నే అడుగుతున్న. నా మొగన్ని ఎవలన్న సూసిన్రా?"

హోటలాయన చెప్పులు చూసుకున్నాడు. జీపుల వాళ్లు మళ్లీ మబ్బులు చూశారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు పిల్లల చేతులు పట్టుకొని కార్ల వైపు జరిగారు. నేను మా వాడి కొంగు, అంటే ఆ శాలువా అంచు, పట్టుకొని కిందికి గుంజుతున్నాను. వాడు కదలలేదు. గంగి కూడా దిగలేదు. మూకుట్లో బజ్జీలు మాడుతున్న వాసన వచ్చింది.

చివరికి చెవిటి వెంకటనర్సమ్మ అవ్వ చిల్లుల గరిటె పక్కన పెట్టి లేచింది.

"సూడకుంట ఎవలున్నరు బిడ్డా? నీ మొగన్ని జీపుల కుక్కంగ ఊరోళ్లం, ఊరు సూడ వచ్చినోళ్లం, అందరం ఈడనే ఉన్నం. ఫొటోల అడ్డమొస్తున్నది, జీపు జర పక్కకు తియ్యుండ్రని మొత్తుకున్నది మనమే గద."