బాతులకు పక్కా ఇల్లు

మరుగుదొడ్డి పేదవాడు వాడుకునే వస్తువు కాదు, దాచుకునే వస్తువు! ఈ సత్యాన్ని బంగ్లాదేశ్‌కు, కనీసం జమున ఒడ్డున ఉన్న మా ఖలిసాకుడి ఊరికి, చాటినవాడు మా పొరుగింటి మొఫిజుల్.

పారిశుధ్య సమితిలో పనిచేసే షెఫాలీని ఊరంతా ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాం. ఆవిడ అతని ఇంటి పక్కన ఎత్తుగా మట్టి పోయించి, సిమెంటు వరలు దింపించి, తెల్లటి బేసిన్, రేకు తలుపు పెట్టించింది.

"వాడతావా భాయ్?"

"ప్రాణం పోయినా వదలను ఆపా!"

అన్నట్టే వదల్లేదు. అందులో బాతుల్ని పెట్టాడు!

తప్పేముంది? అంత తళతళలాడే బేసిన్‌ను పాడుచేయడానికి మనసెలా ఒప్పుతుంది? మావన్నీ తడికల ఇళ్లు. పక్కా ఇల్లు బాతులదొక్కటే. మగవాళ్లం చెంబులు పట్టుకుని జనుపచేలోకి నడిచేవాళ్లం. అది చేను కాదండీ, మా పార్లమెంటు! చేపల ధర, ఎన్నికల ఫలితం, ఎవరి అల్లుడు ఎందుకు అలిగాడు... అన్నీ అక్కడే తేలేవి. నాలుగు గోడల మధ్య ఒంటరిగా కూర్చుంటే లోకజ్ఞానం ఎలా వస్తుంది?

మరి ఆడవాళ్లంటారా? వాళ్లకు చీకటి ఉందిగా!

శ్రావణంలో జమున పొంగింది. పార్లమెంటు మునిగింది. సభ్యులం అరటిబోదెల తెప్పలెక్కాం. తెప్ప మీద గొంతుక్కూర్చోవడం గొప్ప విద్య. అది పట్టుబడక మొఫిజుల్ చెంబుతో సహా నీళ్లలో పడ్డాడు. తడిసి ముద్దై ఇంటికొస్తే, మంచం నిండా బాతులు!

"జొలేఖా! ఇదేంటే?" అని భార్య మీద అరిచాడు.

రేకు తలుపు వెనక నుంచి జవాబొచ్చింది. "అరవమాక! లోపల మనుషులున్నారు."

"మరి నా బాతులు?"

"వాటికి ఈత వచ్చు. నాకు రాదు!"

తలుపు ముందు ఊరి ఆడవాళ్లంతా బారు తీరి ఉన్నారు. అందరికంటే ముందు మా ఇంటావిడ కొహినూర్. మొఫిజుల్ తనూ వరసలో దూరబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వెక్కడికి భాయ్? నీకు నదంతా ఉందిగా!"

వరద తీశాక ఊళ్లో ప్రతి మగాడూ గొయ్యి తవ్వాడు. మాలో చైతన్యం వచ్చిందని సమితి వాళ్లు మురిసిపోయారు. తెప్ప మీంచి పడితే ఎవరికైనా వస్తుంది!

నేనూ తవ్వి, కట్టి, తలుపు బిగించాను. ఆ మధ్యాహ్నం కొహినూర్ నాకు మంచినీళ్లిచ్చి, తనూ ఒక గ్లాసు గటగటా తాగేసింది. మళ్లీ ముంచుకుని ఇంకొకటి తాగింది.

"అదేంటే, అన్ని నీళ్లు?"

"పెళ్లయ్యాక పగటిపూట కడుపునిండా తాగడం ఇదే మొదలు" అంది.

ఎంత విడ్డూరం చూడండి! ఇన్నేళ్లూ మా ఆవిడకు దాహమే వేయదని నేను చుట్టాలందరి దగ్గరా గొప్పగా చెప్పుకున్నాను!